ఊళ్లో చెప్పొద్దన్న వాక్యం

జూన్ 9
కదిరి ఫంక్షన్ హాలు. ఆఫీసర్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు. చేతులు ఊపకుండా, నెమ్మదిగా మాట్లాడాను. రైతుల భూములు కౌలుకు తీసుకునే ఈ సోలార్ కంపెనీ నన్ను పెట్టుకున్నదే అందుకు — ఎక్కడ ఎలా మాట్లాడాలో తెలుసని. "ఒకసారి సంతకం పెట్టాక, కౌలు గడువు తీరేదాకా రైతు భూమి వెనక్కి అడగలేడు" అన్నాను. ముందు వరుస తలలూపింది. చప్పట్లు.

జూన్ 11
రేపటి నుంచి ఊళ్లు. జీపులో మేనేజరు ప్రసాద్ —
"భూమి వెనక్కి అడగలేడన్నావే, ఊర్లో ఆ మాట తీసెయ్ నూర్జహాన్. రైతులు బెదురుతారు. ఆడ ఒక తీరు, ఈడ ఒక తీరు... నీకు నేను చెప్పాల్నా?"
పెళ్లిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో మైకు పట్టుకుని, వినేవాళ్లను బట్టి గొంతు మార్చుకుంటూ వచ్చినదాన్నే. గొంతు మార్చాను. మాట తీసెయ్యమని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

జూన్ 12
మొదటి ఊరు. అంతా వేరుశనగ రైతులు. కుర్చీ వద్దని చాప మీద కూర్చున్నాను. మన యాస, మన ఎగతాళి. నవ్వారు, టీ ఇచ్చారు. ఆ వాక్యం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.
"సూపర్" అన్నాడు ప్రసాద్. ఎందుకంత సంతోషం?

జూన్ 13
నిన్న వదిలేసిన వాక్యాన్ని ఇంట్లో ఒక్కదాన్నే, మన యాసలో చెప్పి చూసుకున్నాను.

జూన్ 16
ఇంకో ఊరు. గాలి. స్పీకరు కీచుమంటోంది. వానల్లేక చేను బీడు పెట్టిన ఓబులమ్మ లేచింది. "ఏమ్మా, గడువు నడుమ మా బిడ్డకు భూమి గావాలంటే ఇస్తారా?"
ప్రసాద్ నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "యాల ఇయ్యరమ్మా, ఇస్తారు! మాట్లాడుకుందాం!"
"ఆయప్పను కాదు, నిన్ను అడుగుతాండా. మా మాదిరే మాట్లాడ్తాండావు కదా, నువ్వు చెప్పు."
మైకు లేదు. ఉత్త గొంతుతోనే అన్నాను — "ఇయ్యరమ్మా. గడువు తీరేదాకా ఇయ్యరు."
ఓబులమ్మ చీర దులుపుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వెనక మరికొందరు. దూరంగా కూర్చున్నవాళ్లు మాత్రం అప్పటికే సంతకాలకు వరుస కట్టారు. వాళ్లకు వినబడలేదు. లేక వినీ కట్టారా?

జూన్ 17
నిన్న తిరుగుదారిలో ప్రసాద్ జీపులో సంతకాల కాగితాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. తిడితే బాగుండేది.
ఈరోజు ఫోను. గొంతులో తేనె.
"రేపు బత్తలపల్లె. నువ్వే మాట్లాడాల. నీకని కొంగుకు తగిలించుకునే కాలర్ మైకు తెప్పించినా, అందరికీ బాగా వినపడాల గదా."
సరే సార్ అన్నాను. ఆ మైకు ఆపే బటన్ నా దగ్గర ఉంటుందా, ఆయన దగ్గరా — అది అడగకుండానే ఫోను పెట్టేశాను.