ఆ గంటసేపు వెలిగిన బల్బు

మేడమీది అన్నయ్యకు,

ఎదురుపడితే మాట తూలుతానని, కింద మిషను కుట్టుకునే నీ చెల్లెలు కాగితం మీద రాస్తోంది.

భూమి కోసం వీధంతా గంటసేపు దీపాలార్పితే, నేనొక్కదాన్నే బల్బు వెలిగించి నీ పరువు తీశానని చుట్టాలందరికీ వాట్సాప్‌లో పెట్టావట. సంతోషం. ఆ గంటా నువ్వూ వదినా ఎక్కడున్నారో కూడా పెట్టాల్సింది. ఉక్కపోస్తోందని కారులో కూర్చుని, ఇంజను ఆపకుండా ఏసీ వేసుకున్నారు. ఆ పొగంతా నా కిటికీలోకే వచ్చింది. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మీ చీకటి మేడ ఫోటో తీసిందీ ఆ కారులోంచే!

నాకు ఏసీ లేదు, ఫ్రిజ్ లేదు. ఉన్న ఒక్క బల్బు కింద, మర్నాడు ఇవ్వాల్సిన కోటుకు గుండీలు కుడుతున్నాను. అదార్పితే భూమి బతికి బట్టకట్టేదా?

ఇంకో సంగతి. కారెక్కే హడావిడిలో మీరు అమ్మని చీకట్లో వదిలేశారు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ, నా వెలుతురు చూసుకుని దిగొచ్చింది. "వాడితో అనకే, చిన్నబుచ్చుకుంటాడు" అంది. అందుకే అనలేదు, రాస్తున్నాను.

అమ్మ ఇక నా దగ్గరే ఉంటానంటోంది. కళ్లజోడు మీ టీవీ పక్కన ఉందట, తెచ్చివ్వు. మెట్ల దగ్గర లైటు వేసుకుని మరీ దిగు, పడతావు.

నీ చెల్లెలు