చెల్లికి పనిచెయ్యని మాత్ర

అక్కా, నులిపురుగుల మాత్రని నాలా మింగిన వీరుడు మన ఏడు తరాల్లో లేడు.

దుప్పట్లన్నీ వేడినీళ్ళలో నానబెట్టు. చెల్లి గోళ్ళు కత్తిరించు, కానీ తిట్టకు. ఎన్ని మాత్రలేసినా పురుగులు పోవట్లేదని, తనే మురికిదాన్ననుకుని వంటింట్లో చాపేసుకుని ఒక్కతే పడుకుంటోంది. దగ్గరికెళ్తే, "నన్ను ముట్టుకోకు అన్నా, నీకూ అంటుకుంటాయి" అంది.

మందులషాపాయన్ని అడిగాను. "మాత్ర బాగానే పనిచేస్తుందిరా. ఇంట్లో ఒక్కరు ఎగ్గొట్టినా మళ్ళీ అందరికీ అంటుకుంటాయి. ఎవడ్రా ఆ ఒక్కడు?" అని నా మొహంలోకే చూశాడు.

నేనే అక్కా. మాత్రలేసుకున్న రోజు మీ అందరి ముందూ నేను కరకరా నమిలింది పిప్పరమెంటు.

ఈసారి అందరం ఒకే రోజు వేసుకోవాలట. మీ మాత్రలు కొనుక్కొచ్చి అద్దం దగ్గర పెట్టి ట్యూషన్‌కి పోతున్నా. అమ్మకి నువ్వే చెప్పు, నాకు నోరు రావట్లేదు.

నాది షాపాయన ముందే నమిలాను. చేదుగా కూడా లేదు, అదే నా ఏడుపు.