నీ పుండులోని క్రిమికి నెలనెలా మేత

అన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఏడాదంతా అమ్మ నెలనెలా నీకు మాసికం పెట్టించింది. నేనేమో నాందేడ్‌లో మా కాలేజీ ల్యాబులో, నిన్ను చంపిన క్రిమికి నెలనెలా కొత్త మేత పెట్టాను.

నీ కాలిపుండు చీములో దొరికిన బ్యాక్టీరియా అది. ఆసుపత్రిలో ఏ మందుకూ లొంగలేదు కాబట్టి మా మేడం పరిశోధన కోసం దాన్ని ఉంచారు. మేత మార్చకపోతే చచ్చిపోతుంది. మార్చే పని నాది.

ముఖేడ్‌లో నీ కిరాణా దుకాణం ఖాళీ చేసినప్పుడు మిగిలిన వాములోంచి నూనె తీశాను. అంత కొద్ది నూనె ఒక్కటే దాన్నేమీ చేయలేదు. నీకు పనిచేయని మందు కూడా ఒక్కటే ఏమీ చేయలేదు. రెండూ కలిపి పెడితే, ఈరోజు గాజుపళ్లెంలో మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ క్రిమి లేని తేటజాగా గుండ్రంగా కనబడింది.

"ఇది గాజుపళ్లెంలో ముచ్చటే, మనుషుల దాకా రావాలంటే ఏండ్లు పడుతుంది" అన్నారు మేడం. అయినా నేను నవ్వాను.

ఇంటికొస్తే అమ్మ నా చేతులు పట్టుకొని, "ఏందే, గింత వాము వాసన? మీ అన్న దుకాణంకెల్లి అచ్చినట్టే ఉన్నది" అన్నది. పోయి చేతులు కడుక్కున్నాను.

అమ్మ పెట్టే మాసికాలు నిన్నటితో అయిపోయాయి. నా పని ఇంకా ఉంది. దాన్ని చంపే మందు వెతుకుతూనే, అదెక్కడ చచ్చిపోతుందోనని భయపడుతున్నాను. నీ ఒంట్లోంచి వచ్చి ఇంకా బతికున్నది అదొక్కటే అన్నా.