మీసం లేని ముఖం

మార్చి 4
యూనియన్‌ని నిషేధించారు. కమ్యూనిస్టు అన్న అనుమానం ఉంటే చాలు, లాక్కెళ్తున్నారు. మిల్లు యూనియన్ సెక్రటరీ మా బావ మాత్రం దొరకలేదు. అక్క ఇంట్లో బట్టల పెట్టె కూడా బోర్లించి వెతికారట. ఆరడుగుల మనిషి పెట్టెలో పడతాడా? వెధవలు! పోతూ పోతూ గోడమీది ఫోటో పట్టుకుపోయారు, గుబురు మీసాలది.

మార్చి 9
బావని చూశాను. ఎక్కడో రాయను. మీసం తీసేశాడు! నవ్వాగలేదు నాకు. పై పెదవిమీద చిన్నప్పటి గాటు మచ్చ ఉందని ఇన్నేళ్లూ నాకే తెలీదు. ఇక మీ అక్క కూడా గుర్తుపట్టదురా అన్నాడు. అందరి నోళ్లూ మూయించేశారు, నువ్వైనా మీ పేపర్లో బొమ్మ వెయ్యమన్నాడు.

మార్చి 11, సాయంత్రం ఆరు
వేశాను. మంత్రిగారు చీపురుతో కార్మికుల్ని తివాచీ కిందకి తోస్తుంటే, తివాచీయే గుట్టలా లేచి ఆయన్ని పడదోస్తోంది. అంచుకింద నుంచి తొంగిచూసే ముఖాలన్నీ నాకు తెలిసినవే. గుంపు గీసేటప్పుడు చెయ్యి దానంతటది పోతుంది, ఈమధ్య చూసినవాళ్లంతా వచ్చేస్తారు. ఎడిటర్‌గారు చెమట తుడుచుకుంటూ ఓకే అన్నారు.

మార్చి 12
మధ్యాహ్నానికల్లా ఒక్క కాపీ మిగల్లేదు. జనం కత్తిరించి గోడలకి అంటిస్తున్నారు. కాలరెగరేసుకుని తిరిగాను.

మార్చి 14
బావ దొరికిపోయాడు. బస్టాండులో.

మార్చి 15
ఆఫీసుకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నన్ను తీసుకెళ్లడానికే అనుకున్నా, టూత్‌బ్రష్ జేబులోనే ఉంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని కార్టూన్ తీశాడు. తన దగ్గరున్నది మీసాల ఫోటోయేనట. నా బొమ్మలో ముందువరసలో అవే కళ్లు కనబడ్డాయట, మీసం లేకుండా, పెదవిమీద మచ్చతో. ఆ ముఖం కోసమే బస్టాండులో కాపు కాశారట. పోలిక అదిరిపోయింది సార్ అన్నాడు. ఆటోగ్రాఫ్ అడిగాడు.
పెట్టాను. భయపడి పెట్టాను, ఛీ.

మార్చి 16
గీయలేదు.

మార్చి 22
లాయరు ద్వారా బావ కబురు పంపాడు. అక్కకి ఈ సంగతి చెప్పొద్దట. బొమ్మలు ఆపొద్దట. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. చచ్చేంత సిగ్గుగా ఉంది. ఆ మచ్చ వెయ్యకపోతే బొమ్మకేం లోటొచ్చేది?

మార్చి 28
అక్క పాపని జైలుకి తీసుకెళ్లింది. మీసం లేని మనిషిని చూసి పాప కెవ్వుమందట, నాన్న కాదు పొమ్మందట. అందుకని అక్క నా కార్టూన్ కత్తిరించి, ఫోటో పోయిన చోట అంటించింది. రోజూ అన్నం తినిపిస్తూ, అదిగో నాన్న, అదిగో నాన్న అని చూపిస్తోంది. నా తమ్ముడు వెయ్యబట్టి సరిపోయింది గానీ అని పక్కింటావిడతో మురిసిపోతోంది.

ఏప్రిల్ 2
పాప పెన్సిల్ తెచ్చింది. నాన్నకి మీసం పెట్టు మామయ్యా అంది.
పెట్టాను. మచ్చ కనబడకుండా, ఒత్తుగా పెట్టాను.