పెద్దగుడి కాడి పిలగాడు

మెదక్,
జనవరి 6, 2025

ప్రియమైన నా దోస్తు రజనికి,

ఫేబను రాస్తున్న. మర్శిపోయినవా? టేక్మాల్ నుంచి రోజు బస్సుల వచ్చి, నా టిఫిన్ డబ్బ ఖాళీ జేసిన దొంగవు నువ్వే గదనే! ఇప్పుడు పోలీసమ్మవై దొంగలను పడ్తున్నవట.

తప్పిపోయిన పిల్లల పాత కేసులు మళ్ల తిరగేసే టీంల పడ్డవని మొన్ననే తెలిసింది. విన్నకాంచి నా కాలు ఒక్కకాడ నిలుస్తలేదు. మా తమ్ముడు ఉదయ్ కుమార్ సంగతి నీకెర్కనే గదా. 2001 క్రిస్మస్ నాడు చర్చి కాంపౌండ్ల, గంత జనంల, నాయిన చెయ్యి ఇడిపిచ్చుకొని పోయిండు. నాలుగేండ్ల పోరడు. నాయిన ఫిర్యాదు ఇచ్చిండు, పేపర్ల ఫోటో ఏపిచ్చిండు, తిరగని ఊరు లేదు. ఇప్పుడు నాయిన గూడ లేకపాయె. ఒక్కసారి వెతుకవే, నీ కాళ్లు మొక్కుత.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. మా ఇంట్ల ఏ ఫోన్ మోగినా, ఆఖరికి నాదైనా సరే, అమ్మ ఉరికొచ్చి ఎత్తుతది, ‘ఉదయ్ గాడేమో’ అని. మూడేండ్ల కింద నాందేడ్ల ఒక పిలగాడు ఉన్నడంటె మస్తు ఆశ పెట్టుకున్నది. కాదని తేలినంక మంచం పట్టింది. ఇంకోసారి గట్లయితె అమ్మ నాకు దక్కదే. అందుకే పక్కా అయ్యేదాక ఆమె చెవుల పడొద్దు. జవాబు మా స్కూల్ అడ్రసుకు రాయి.

నీ జవాబు కోసం గేటు దిక్కే చూసుకుంట,
ఫేబ

—

కరీంనగర్,
జనవరి 21

నా ముద్దుల ఫేబ టీచరమ్మకు,

నిన్ను మర్శిపోతనా? మీ అమ్మ వండిన కోడికూర వాసన ఇప్పటికీ నా ముక్కుల్నే ఉన్నది.

మా కాడున్న, యాడనో దొరికిన పిల్లల పాత ఫైళ్లన్ని తీసిన. మెదక్ జిల్లా, ఆ ఏడాది, మొగపిల్లలు, క్రిస్టియన్స్... అన్ని తీర్ల చూసిన. ఉదయ్ అన్న పేరే యాడ లేదే. మనసు ఖరాబ్ జేసుకోకు, నేను ఇంకా ఇడిసిపెట్టలె.

ఈ ఫైళ్లల్ల ఎన్ని బతుకులున్నయో! ఒక్కొక్కటి చదువుతుంటె అన్నం తినబుద్ధి కాదు. ఒక పిలగాడైతె నెల నెల మా ఆఫీసుకు వస్తడు. పేరు రాజేశం. సిరిసిల్లల మోటర్లు రిపేర్ చేస్తడు. చిన్నగున్నప్పుడు కరీంనగర్ బస్టాండ్ల ఏడ్సుకుంట దొరికిండట. పేరేందంటె ‘బాబు’ అన్నడు, ఇల్లు యాడ అంటె ‘పెద్దగుడి కాడ’ అన్నడు, అంతే. పెద్దగుడి అంటె వేములవాడ రాజన్న గుడే గదా అని, పాపం అనాథాశ్రమం వాళ్లు వాని భుజాల మీద ఎత్తుకొని అక్కడ దుకాణం దుకాణం అడిగిండ్రు. నా పిలగాడని ఒక్కలు అనలె. రాజన్న పేరే పెట్టి పెంచిండ్రు. ఇప్పటికీ గాయన యాదగిరిగుట్ట, ధర్మపురి, బాసర అన్ని పెద్దగుళ్లు తిరుగుతనే ఉన్నడు. మన ఉదయ్ కాదు గాని, ఆయనను చూస్తె నాకు మీ ఇల్లు యాదికొస్తది.

ధైర్నంగ ఉండు,
నీ రజని

—

మెదక్,
జనవరి 27

ఓ నా బంగారు తల్లీ రజనీ,

ఉరుకులాటల రాస్తున్న, అక్షరాలు సక్కగ రాకుంటె ఏమనుకోకు.

ఓ పిచ్చిమొద్దూ! మేము ఇంట్ల చర్చి అంటమానే? గుడి అంటం! ‘గుడికి పోదాం పాండ్రి’, ‘గుడిల గంట కొట్టిండ్రు’, గిట్లనే అంటం. మన టౌన్ల పెద్ద చర్చి మాకు పెద్దగుడి! మా ఇల్లు దాని గోడ ఎనకనే ఉండె అప్పుడు. బయటోళ్లతోని మాట్లాడేటప్పుడు, మీరు ఇంకోటి అనుకుంటరని చర్చి అంటం. నీకు రాసిన ఉత్తరంల గూడ చర్చి అనే రాసిన, సూడు! నాయిన ఫిర్యాదుల గూడ చర్చి అనే రాసిండు. నాలుగేండ్ల పోరనికి చర్చి అన్న మాట ఎట్ల తెలుస్తది? వానికి తెలిసిన మాట వాడు చెప్పిండే!

ఆ బాబు అన్నది గూడ నిజమే. ఉదయ్ కుమార్ అన్నది బాప్తిస్మం పేరు. ఇంట్ల అందరం బాబు అనే పిలుస్తుంటిమి.

ఈ ఉత్తరం చదివినంక కూసోకు. లెవ్వు. సిరిసిల్ల పో. నీ కాళ్లు మొక్కుత, పో!

ఎగిరి గంతేస్తున్న,
ఫేబ

—

కరీంనగర్,
ఫిబ్రవరి 4

నా ప్రాణమా ఫేబా,

పోయినా! నీ ఉత్తరం చదివినంక చాయ్ గూడ తాగలె, సీదా బండెక్కిన.

రాజేశం మోటర్ ఇప్పుకొని కూసున్నడు, చేతులనిండ గ్రీసు. నుదుట ఇభూతి. నేను కేసు ముచ్చట చెప్పలె, ఊకె అడిగిన, ‘నీకు యాదికున్న గుడి ఎట్లుంటుండె తమ్మీ?’ అని. గాయన సిగ్గుపడుకుంట అన్నడు, ‘చెప్తె అందరు నవ్వుతరు మేడం. ఆ గుడిల నేల మీద రంగుల ఎండ పడ్తది. ఎర్రగ, నీలంగ. చెయ్యి పెడ్తె చెయ్యి గూడ రంగైతుండె. ఎన్ని గుళ్లు తిరిగినా అసొంటి ఎండ దొరుకలె’.

అమ్మతోడు ఫేబా, నా పానం లేచొచ్చింది! ఆ రంగుటద్దాల కిటికీలు మీ పెద్ద చర్చిల గాక ఇంకే గుడిలున్నయే? స్కూల్ నుంచి మనల తీస్కపోతె, ఆ ఎండల నువ్వు నా ముక్కు నీలంగున్నదని ఎక్కిరియ్యలేదా?

కాని ఆగు. నేను పోలీసును గదా, అద్దాల ఎండ నమ్మి ఇంటికి తోల్కరాలేను. డీఎన్ఏ పరీక్ష కావాలె, దానికి మీ అమ్మ నమూనా కావాలె. ల్యాబ్ల పనిచేసే సృజన మీ ఇంటికొస్తది. దూదిపుల్ల బుగ్గలోపట తిప్పుతది, నొప్పుండది. అమ్మకు ఏదన్న చెప్పి మేనేజ్ జెయ్యి. షుగర్ పరీక్ష అను.

గుండె చేత్ల పట్టుకొని,
రజని

—

మెదక్,
ఫిబ్రవరి 13

ప్రియమైన రజనికి,

షుగర్ పరీక్ష అను అన్నవు గదా. అన్న! ఇగ విను.

సృజన వచ్చింది, దూదిపుల్ల తీసింది. అమ్మ కుర్చీల కూసొని నోరు తెరిసింది, మళ్ల మూసింది. ‘షుగరంటె ఏలు గుచ్చుతరు గాని నోరు తెరువమంటరానే? నా కండ్లల్ల దుమ్ము కొడ్తున్నరా మీరిద్దరు? నాందేడ్ పిలగాని అప్పుడు గూడ గీ పుల్లనే పెట్టిండ్రు. చెప్పు, యాడున్నడు నా కొడుకు?’

ఇగ ఏం దాస్తనే! అన్ని చెప్పిన. పెద్దగుడి ముచ్చట చెప్పంగనే నన్ను కొట్టినంత పని జేసింది. ‘గుడి అనక ఇంకేమంటడే పసి పిలగాడు? గింత చదువు చదివినవు, గది ఆలోచన రాలేదా?’ అన్నది. మళ్ల ఆమెనే, ‘నాక్కూడ రాలె గదనే’ అని పమిట నోట్ల కుక్కుకున్నది.

నేను భయపడ్డ. కాని అమ్మ ఏడ్వలె. ‘నాందేడప్పుడు ముందే ఏడ్సి చెడ్డ. ఈసారి దొరికినంకనే ఏడుస్త’ అని నోరు పెద్దగ తెరిసింది. సృజన పుల్ల తిప్పి డబ్బల పెట్టుకున్నది.

మా అమ్మ రోజు అన్నం సక్కగ తింటున్నదే. గట్టిగుండాలె గదా అంటున్నది. నాకు అదే ఎక్కువ భయం. జల్ది రాయి.

పరేశాన్ల,
ఫేబ

—

కరీంనగర్,
మార్చి 19

ఉదయ్ కుమార్ అక్కకు,

సూడు, ఎట్ల పిలిచిన్నో! రిపోర్టు వచ్చింది. కలిసింది! మీవోడే, ఫేబా, మీవోడే! ఆఫీసుల నేను అరిసిన అరుపుకు మా సారు కుర్చీల నుంచి లేసిండు.

ఫోన్ల చెప్తె నీ పక్కనే అమ్మ ఉంటది. ముందు నీకొక్కదానికే చెప్పాల్సిన కిరికిరి ఒకటున్నది. మీ తమ్మునికి చెప్పిన. షెడ్డు ముంగట కూలబడి శానసేపు ఏడ్చిండు. ఎంబడే మెదక్ పోదాం పా అంటె, కదుల్తలేడు. ‘అమ్మ దొరికితె ఆమెను తోల్కొచ్చి, కోడెను పట్టుకొని గుడి సుట్టు తిరిగి కడ్తనని రాజన్నకు మొక్కిన మేడం. మొక్కు తీరకుంట ఆ గడప ఎట్ల తొక్కుత?’ అంటుండు. చిన్నప్పటి సంది ఆయనకు రాజన్నే దిక్కు గదనే.

నీకు తెలుసు, నేను ఏడుపాయల అమ్మోరి జాతర నుంచి పేలాలు తెస్తె గూడ మీ అమ్మ ‘ఏమనుకోకు బిడ్డా’ అని వాపస్ ఇస్తుండె. ఇప్పుడు వేములవాడకు వచ్చి ఎద్దు తాడు పట్టుకోమంటె పడ్తదా? ఆమెకు కోపమొస్తె ఇటు ఈ పిలగాడు చస్తడు. నాకేం తోస్తలేదు. జర తెలివిగ చెప్పు.

సంతోషమో భయమో తెల్వక,
రజని

—

మెదక్,
ఏప్రిల్ 2

నా తోడబుట్టినదాని కంటె ఎక్కువైన రజనికి,

బందోబస్తు డ్యూటీ అని నువ్వు రాకపోతివి గాని, నువ్వు చూడాల్సుండెనే!

తెలివిగ చెప్పుమన్నవు. నాకు తెలివి యాడిది? ఉత్తరమే చదివి ఇనిపిచ్చిన. అమ్మ మొక్కు కాడికి రాంగనే నేను ఆపిన. ‘ఆపినవేందే? చదువు’ అన్నది. చదివిన. అమ్మ లేసింది. లోపలికి పోయి ఆదివారం కట్టే తెల్ల చీర కట్టుకొని వచ్చింది. ‘పా. బస్సు పోతది’ అన్నది.

‘పాస్టరయ్య ఏమంటడో’ అన్న. ‘నా బిడ్డ నా కోసం మొక్కిండు. నేను పోకుంటె ఎవరు పోతరు? పాస్టరయ్యకు నేను చెప్పుకుంట, దేవునికి గూడ నేనే చెప్పుకుంట’ అన్నది.

వేములవాడల బస్సు దిగంగనే వాడే గుర్తుపట్టిండు. ఎట్లనో నాకు తెల్వదు. అమ్మ ముంగట నిలబడి చేతులు ఏం జెయ్యాల్నో తెలువక, గ్రీసు అంటిన ఏళ్లు అంగికి తుడుసుకుంటుండు. అమ్మ ఆ చేతులే పట్టుకున్నది. అప్పుడు ఏడ్చిందే, రజనీ! ఆపుకున్న ఏడుపంత బస్టాండ్ల ఏడ్చింది. జనం గుమిగూడి, ఎవరు సచ్చిపోయిండ్రమ్మా అని అడిగిండ్రు. ‘ఎవరు సావలె, నా కొడుకు దొరికిండు’ అని నవ్వింది.

కోడెను పట్టుకొని ఇద్దరు గుడి సుట్టు తిరిగిండ్రు. అమ్మకు ఎడ్లంటె భయం, తాడు చివర పట్టుకున్నది. తిరిగినంక పంతులు అడిగిండు, ‘పేరు, గోత్రం?’

‘రాజేశం. గోత్రం తెల్వదు’ అన్నడు మనోడు, ఎన్నేండ్లసంది చెప్పిన మాట గదా, తల వంచుకొనే అన్నడు.

‘గట్లయితె శివగోత్రం...’ అని పంతులు మొదలుపెట్టంగనే అమ్మ తాడు ఇడిసిపెట్టి ముంగటికొచ్చింది.

‘గోత్రం నాకు తెల్వదు పంతులుగారు. తెల్వదు అని మాత్రం చదువకుండ్రి. సువార్తమ్మ కొడుకు ఉదయ్ కుమార్ అని చదువుండ్రి. ఊరు మెదక్.’

పంతులు అమ్మ దిక్కు చూసిండు, ఆ తెల్ల చీర చూసిండు. మళ్ల కండ్లు మూసుకొని, గంటంత గొంతుతోని, ‘సువార్తమ్మ పుత్రస్య, ఉదయ్ కుమార్ నామధేయస్య’ అని చదివిండు.

నా తమ్ముడు అప్పుడు తల ఎత్తిండే.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల ఇద్దరు పక్కపక్కకు కూసున్నరు. టికెట్లు నేనే తీసుకున్న. ఇప్పుడు వాడు లోపట నిద్రపోతుండు, అమ్మ పొయ్యి కాడున్నది. ఆదివారం వస్తవా? కోడికూర చేస్తమంటున్నది.

సంతోషంతోని పిచ్చిలేసిన నీ
ఫేబ