తొమ్మిదో నెల రానీ

జూలై 21, సోమవారం
ఆత్మకూరులో స్కాన్ తీయించుకుని ఉదయగిరికి వచ్చేసరికి నాలుగైంది. నాకు ముప్పయ్యో వారం. బిడ్డ సైజు మాత్రం ఇరవై ఏడు వారాలదట. తిండి తక్కువై కాదట. మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగ్గా అందడం లేదేమోనని డాక్టరమ్మ అనుమానం. రెండు వారాల్లో మళ్ళీ గ్రోత్ స్కాన్, రక్తం ఎలా అందుతోందో చూసే డాప్లర్. రోజూ కదలికలు లెక్కపెట్టుకోమంది. భయంగా ఉంది.

పుట్టింట్లోనే ఉన్నాను కదా అని ఫైల్లో అమ్మ నంబర్ రాయించాను. వింజమూరులో కొట్టు వదిలి మా ఆయన శ్రీకాంత్ రాలేడు. అమ్మ ఉంటే ఆయన కూడా అక్కర్లేదు.

ఆగస్టు 3
ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందని అమ్మ చెప్పింది. స్కాన్ మిషన్ చెడిపోయిందట. ఇరవై ఐదున రమ్మన్నారట.

ఆగస్టు 7
రెండు పూటలా రాగిజావ. ఈలోగా బిడ్డ అదే పెరుగుద్దిలే అంటుంది అమ్మ. తాగుతున్నాను.

ఆగస్టు 12, ఉదయం 10
రెండు గంటల్లో ఆరు కదలికలే. నిన్న పది దాటాయి. బిడ్డ నిద్దరపోతా ఉండాది, లెక్కపెడితే దిష్టి తగులుద్ది అని అమ్మ కసిరింది. ఆమె పాలకు పోగానే నేనే ఆసుపత్రికి ఫోన్ చేశాను.

మిషన్ చెడిపోలేదు. వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారట. నెల్లూరులో తీయించినాం అని మీ అమ్మే చెప్పింది కదమ్మా అంది నర్సు.

10.40
అమ్మ తిరిగి రాగానే అడిగేశాను. ఎనిమిదో నెల్లో పొలిమేర దాటకూడదంట. నీకు ముందు పుట్టాల్సినోణ్ణి అట్టనే బస్సెక్కి పోగొట్టుకున్నా, తొమ్మిదో నెల రానీ, నేనే తీసకపోతా అని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. కడుపు మండిపోయింది.

శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. ఆయనకీ తెలుసు! పెద్దోళ్ళ మాట ఎట్ట కాదంటా అన్నాడు.

అత్త చేసుంటే ఊరంతా చాటేదాన్ని. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను?

అమ్మ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని ఆత్మకూరు బస్సెక్కాను. ఒక్కదాన్నే.

సాయంత్రం 5
డాప్లర్ బాగాలేదు. డాక్టరమ్మ తిట్టలేదు. వారం ముందు వచ్చుంటే, అని ఆగిపోయింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్ వేశారు. 108లో నెల్లూరుకు పంపిస్తున్నారు.

ఆగస్టు 14, నెల్లూరు
పాప. పదకొండు వందల ఎనభై గ్రాములు. అద్దాల పెట్టెలో ఉంది. ఊపిరి తనే తీసుకుంటోంది.

మీ అమ్మ బయట కూర్చోనుంది, లోపలికి పంపనా అని నర్సు అడిగింది.

తొమ్మిదో నెల వచ్చాక రమ్మని చెప్పమన్నాను.