మా ఈలలు ఎత్తుకెళ్ళారు, హాలు తాళమైనా తీయించండి

అనుమతుల అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మరమ్మతులు ముగిసినా తెరుచుకోని సినిమా హాలును ఈ నెలాఖరులోగా తనిఖీ చేసి, ఆటలకు అనుమతి ఇప్పించుట గురించి.

దిగువ సంతకం చేసిన నేను బస్టాండు వెనుక స్కూటర్ల మెకానిక్కును, ప్రేక్షకుడిని. రెండోదాన్ని కూడా వృత్తి కిందనే పరిగణించ ప్రార్థన.

1. వైర్లు పాతబడినవని తమ కార్యాలయం వారు హాలు మూయించిరి. సబబే. వైర్లన్నీ మార్చి రెండు నెలలైనది. తనిఖీకి మాత్రం పురుగైనా రాలేదు. ఒకటో తారీఖుకల్లా అనుమతి రాకపోతే యజమాని హాలును సోఫాల గోడౌనుకు ఇచ్చేస్తాడట.

2. ఈలోగా సినిమా కంపెనీలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కొత్త బొమ్మలను తిన్నగా ఫోన్లలోకి వదులుచున్నవి. "తెరిచినా మనకెవడిస్తాడ్రా బొమ్మ? అయినా తెరిస్తే అడగడానికి మొహమైనా ఉంటుంది," అని హాలు మేనేజరుగారు నాతో వాపోయిరి.

3. మొన్న మా ఇంట్లో ముగ్గురూ ఎవరి ఫోన్లో వారు ఒకే హాస్య చిత్రం చూసిరి. అమ్మ వంటింట్లో, నాన్న మంచం మీద, చెల్లి తలుపేసుకుని. ఒక జోకుకు అమ్మ ముందు నవ్వింది. కాసేపటికి అదే జోకుకు నాన్న. అదంతా సద్దుమణిగాక చెల్లి. నేను నడవాలో నిలబడి మూడు నవ్వులూ విన్నాను. దేంట్లోనూ కలవలేకపోతిని. కూడిన జనమే బలమని కరపత్రాలలో చదివాను. ఒకే ఇంటి నవ్వును మూడు ముక్కలు చేసినవాడిని ఏమనాలో ఏ కరపత్రంలోనూ లేదు.

4. ఇది అసలు ఫిర్యాదు. హాలు మూసే ముందు ఆఖరి ఆదివారం ఒక కంపెనీ వాళ్ళు మైకులతో వచ్చి మా ఈలలు, చప్పట్లు రికార్డు చేసుకుపోయిరి. జ్ఞాపకం కోసమన్నారు. ఇప్పుడు వాళ్ళ యాప్‌లో 'హాలు సందడి' అని ఒక బటన్ వెలసినది. నొక్కితే హీరో రాగానే ఈలలు మోగుతాయి. నిన్న చెల్లి గదిలోంచి నా ఈల వినబడింది! పన్ను విరిగినందున నా ఈల నడుమ తెగి మళ్ళీ అందుకుంటుంది. అట్టిది ఈ భూప్రపంచంలో మరొకటి లేదు. తలుపు బాది, "ఒసేయ్, అది నేనేనే!" అన్నాను.

"అబ్బా, డైలాగు పోయింది. అవతలికి పో అన్నయ్యా," అన్నది.

ఒళ్ళు మండిపోయింది అయ్యా. నా ఈలకు ఆ గదిలో చోటుంది, నాకు లేదు.

కంపెనీలు తమ పరిధిలోనివి కావని ఎరుగుదును. హాలు తాళం తమ పరిధిలోనిదే. కావున దీనిని ఫైలు అడుగున తొక్కిపెట్టక, కోపపు మాటలు మన్నించి, స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు
(విధేయత అలవాటు లేకపోయినా),
ముందు వరుస ప్రేక్షకుడు

తా.క.: తనిఖీ నాడు తెర పరీక్షకని ఏదో ఒక పాత సినిమా వేస్తారట. నన్నూ వచ్చి చూడమన్నారు. తమ ఇంట్లోవాళ్ళనూ, గుమాస్తాలనూ వెంటబెట్టుకు రండి. ఎవరికీ వీలు పడకపోతే, వైర్లు చూడడం అయ్యాక తమరైనా ఒక్క పది నిమిషాలు నా పక్కన కూర్చోండి. అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడినే నవ్వడం నాకు చేతకాదు.